సగటు ఒక్కటే చూస్తే ఎలా?
బేస్‌బాల్‌లో మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కిందుండే ట్రిపుల్-ఏలో బ్యాటింగ్ సగటు బాగుంటే కుర్రాడిని వెంటనే మేజర్ లీగ్‌కు పిలవాలని ఓ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోలేను. జాక్సన్ హాలిడేనే చూడండి. జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2022లో మొట్టమొదటి ఎంపిక అతనే. 2024 ఏప్రిల్‌లో బాల్టిమోర్ ఓరియోల్స్ పిలిచేనాటికి 20 ఏళ్లు. 10 మ్యాచ్‌లు, 34 అట్-బ్యాట్‌లు (బ్యాటింగ్ అవకాశాలు), బంతిని కొట్టి బేస్ చేరిన హిట్లు రెండే, మూడు స్ట్రైక్‌లతో ఔటైన స్ట్రైకౌట్లు 18! మళ్లీ ఓరియోల్స్ ట్రిపుల్-ఏ జట్టు నార్‌ఫోక్‌కు పంపేశారు. ఆ వయసులో ఎంత టెన్షన్ పడి ఉంటాడో, పాపం. జులై 31న తిరిగొచ్చి గ్రాండ్ స్లామ్ (మూడు బేస్‌లలోనూ రన్నర్లు ఉండగా హోమ్ రన్) కొట్టాడు, చాలా సంతోషమేసింది.

నేనైతే కుర్రాడు స్ట్రైక్ జోన్ (బంతి పడితే స్ట్రైక్‌గా లెక్కించే పరిధి) బయటి బంతుల్ని వదిలేస్తున్నాడా, తనను ఔట్ చేసిన పిచ్చర్ మళ్లీ ఎదురైతే ఏం మార్చుకున్నాడు అన్నది చూస్తాను. పైగా పిలిచాక రోజూ ఆడించాలి. బెంచీ మీద కూర్చోబెట్టడానికైతే ఇంకొన్నాళ్లు కిందే ఆడనివ్వండి.