పది మందిని పెంచిందెవరు?

"మా నాయనమ్మ పది మందిని కన్నది. పొలం పనికి పోయింది, పాడి చూసుకుంది, ఒక్కనాడు అలసిపోయానని అనలేదు. ఇప్పటి ఆడవాళ్లకు ఒక్కరిని పెంచడానికే టెన్షన్." కాస్త అటూ ఇటూగా ఈ మాట వాట్సాప్‌లో, రీల్స్‌లో, పెళ్లి భోజనాల దగ్గర తిరుగుతూనే ఉంది. దాని వెంట ఇంకొన్ని చేరాయి. నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. పిల్లలు ఎక్కువుంటే ముసలితనంలో ఆసరా అంటారు. జనాభా తగ్గితే దక్షిణాదికి ఎంపీ సీట్లు పోతాయంటారు. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ముఖ్యమంత్రులిద్దరూ ఎక్కువ మంది పిల్లల గురించి బహిరంగంగా మాట్లాడాక ఈ మాటలకు ఊపు ఇంకా పెరిగింది.

మాది నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు పల్లె. ఏడుగురు పిల్లల ఇంట్లో నేను ఐదోదాన్ని. తోడబుట్టినవాళ్లంటే నాకు ప్రాణం. ఎక్కువ మందిని కన్నవాళ్లను తక్కువ చేసి మాట్లాడితే ఊరుకోను. ఆ ఇల్లు ఎట్లా నడిచిందో లోపలి నుంచి చూసినదాన్ని కాబట్టే, అది తేలిగ్గా నడిచిందని ఎవరన్నా చెప్తే కూడా ఊరుకోలేను.

మొదటి మాట: తల్లి ఒక్కతే పది మందిని పెంచింది.

పెంచలేదు. పెంచడం ఆమె వల్ల అయ్యే పని కాదు. పొద్దున్నే కలుపుకో, నాట్లకో, పల్లికాయ పీకడానికో పోయి పొద్దుగూకినంక వచ్చే మనిషి చంటిపిల్లను ఎప్పుడు పెంచుతుంది? మా ఇంట్లో ఆ పని చేసింది మా పెద్దక్క. అప్పుడామెకు తొమ్మిదేళ్లు. సంకన తమ్ముడు, నెత్తిన బిందె, వెనకాల ఆమె లంగా పట్టుకొని నేను. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. తాగే నీళ్లు దొరికే బావికి దూరం నడవాలి. తొమ్మిది మంది ఇంటికి ఒక బిందె ఏ మూలకు? మళ్లీ మళ్లీ పోయేది. తమ్ముడు పాలకు ఏడిస్తే వాణ్ని ఎత్తుకొని చేను దాకా పోయేది. గట్టు మీద కూర్చొని అమ్మ పాలిచ్చేదాకా ఆగి, మళ్లీ ఇంటికి మోసుకొచ్చేది. వేపకొమ్మకు పాత చీరతో ఉయ్యాల కట్టిన రోజైతే దాని పక్కనే కాపలా, చీమలు పట్టకుండా. నడుము ఒకవైపు వంచి నడవడం ఆమెకు అప్పుడే అలవాటైంది. ఇప్పటికీ అట్లాగే నడుస్తుంది.

ఆమెను బడి మాన్పించాలని ఎవరూ అనుకోలేదు. ఒకరోజు పోలేదు, వారం పోలేదు, తర్వాత రిజిస్టర్‌లో పేరు లేదు. ఇప్పటికీ బస్సు బోర్డు చదవడానికి పక్కవాళ్లను అడుగుతుంది. మిగతా ఆరుగురం పదో తరగతి దాటాం. మా చదువులకు ఫీజు కట్టింది మా నాయనే అని చుట్టాలు చెప్తుంటారు. అక్క కట్టిన ఫీజు ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఇది ఒక్క మా ఇంటి కథ అనుకునేవాళ్లకు ఒక సంగతి. ప్రొఫెసర్ శాంతా సిన్హా ఆధ్వర్యంలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1991 నుంచి మా పక్క రంగారెడ్డి జిల్లాలో పిల్లలను పని మాన్పించి బడికి తెచ్చే పని చేసింది. ఆ పనికే ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్లు పెట్టుకున్న సూత్రాల్లో ఒకటి: బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే. హోటల్లో గ్లాసులు కడిగే పిల్లవాణ్ని అందరూ చూస్తారు. ఇంట్లో చెల్లెలిని ఆడించే తొమ్మిదేళ్ల పిల్లను మాత్రం "అమ్మకు సాయం చేస్తోంది, బుద్ధిమంతురాలు" అని మెచ్చుకుంటారు. ఈ పిల్లను కూడా లెక్కలో వేయాలని వాళ్లు పట్టుబట్టారు. పది మందిని పెంచిన నాయనమ్మ గురించి గర్వంగా చెప్పేవాళ్లను నేను అడిగేది ఇదే. మీ పెద్దత్త ఎంతవరకు చదువుకుంది?

రెండో మాట: పది మందిని కన్నది.

కన్నది సరే, ఎంతమంది దక్కారు? 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్లు. అంతకుముందు తరంలో ఇంకా ఎక్కువ. మన ఊళ్లలో పెంటయ్య, పెంటమ్మ, భిక్షపతి అనే పెద్దవాళ్లు ఎంతమంది ఉన్నారో చూడండి. ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డను పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకునేవాళ్లు, లేదా ఎవరి దగ్గరో భిక్షగా అడిగినట్టు చేసేవాళ్లు. అట్లా అయినా బతుకుతుందని ఆశ. ఆ పేర్ల వెనక పోయిన పిల్లలున్నారు. పది మందిని కన్న నాయనమ్మల్లో చాలామంది తమ బిడ్డల్లో కొందరిని పూడ్చిపెట్టిన తల్లులు కూడా. ఆ తల్లులు ఎక్కువ మందిని కనడానికి ఒక కారణం, ఎవరు మిగులుతారో తెలియకపోవడం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) నాటికి తెలంగాణలో శిశుమరణాలు వెయ్యికి 26కు వచ్చాయి. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం వచ్చాక ఇద్దరితో ఆపుతున్నారు. అదే సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. అందులో సాఫ్ట్‌వేర్ వాళ్లూ ఉన్నారు, పత్తి ఏరే కూలీలూ ఉన్నారు. దాన్ని స్వార్థం అనడం అన్యాయం.

మూడో మాట: ఒక్కనాడు అలసిపోయానని అనలేదు.

ఎవరితో అంటుంది? మా అమ్మ అందరికీ వడ్డించి చివర్న కూర్చునేది. అప్పటికి గిన్నెలో అడుగంటిన గటక, కూర గిన్నెలో చారెడు పులుసు. గిన్నెను నీళ్లు పోసి కలిపి అదే తాగేది. ఆకలి లేదనేది. ఆ మాటను నిజమని నమ్మిన పిల్లలమే పెద్దయ్యాక "మా అమ్మ ఏనాడూ ఫిర్యాదు చేయలేదు" అని గొప్పగా చెప్పుకుంటాం. అదే ఐదో సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా, 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ కాలంలోనే ఇట్లా ఉంటే, నాలుగైదు కాన్పులు దగ్గర దగ్గరగా అయిన ఆనాటి ఒంట్లో రక్తం ఎక్కడినుంచి వస్తుంది?

అయినా వాళ్లు ఏమీ అనలేదన్నది కూడా తప్పే. అవకాశం దొరికిన మరుక్షణం చెప్పారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఊరి దగ్గరికి వచ్చినప్పుడు వరుసలో నిలబడింది ఎవరు? తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో పదికి ఆరుగురు ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లది అంతకన్నా చిన్న ఆపరేషన్, అయినా వాళ్ల సంఖ్య నామమాత్రం. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేస్తే అందులో నలుగురు చనిపోయారు. ఇక పిల్లలు చాలు అనే మాటకు ఆ నలుగురు ప్రాణం పెట్టారు. కనడం, పెంచడం, ఆపడం మూడూ ఆమె ఒంటి మీదే జరుగుతుంటే, కష్టమే లేదని పక్కన కూర్చున్నవాళ్లు తీర్పు చెప్పడం నాకు భరించరానిదిగా ఉంది.

ఇంకోటి. ఆ కాన్పులన్నీ ఆమె కోరుకున్నవేనా? మా ఊళ్లో ఆరుగురు ఆడపిల్లల తర్వాత మగపిల్లవాడున్న ఇళ్లు నాకు తెలుసు. వరస చూస్తేనే ఎందుకు అంతమంది అయ్యారో తెలుస్తుంది. మా దేవరకొండ, చందంపేట తండాల్లో పేద లంబాడా కుటుంబాల నుంచి మూడో, నాలుగో ఆడశిశువులను దళారులు దత్తత పేరుతో కొనుక్కుపోయిన ఉదంతాలు 1999లోనూ, 2001లోనూ దేశమంతా తెలిశాయి. ఆ తల్లులను నిందించడానికి ఇది చెప్పడం లేదు. కొడుకు పుట్టేదాకా కనాల్సిందే అన్న ఒత్తిడి, చేతిలో చిల్లిగవ్వ లేని పేదరికం కలిస్తే ఎక్కడికి పోతుందో చెప్తున్నాను. కొడుకు మోజు ఇప్పటికీ పోలేదు. ఐదో సర్వేలో మన రాష్ట్రంలో వెయ్యి మంది మగశిశువులకు పుట్టిన ఆడశిశువులు 894 మందే.

నాలుగో మాట: నారు పోసినవాడు నీరు పోయడా.

ఈ మాట పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్ వైపు, నిలబడి అనగలరా? కృష్ణా నది తెలంగాణలో అడుగుపెట్టేదే అక్కడ, నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర. ఆ నది ఒడ్డు మనుషులే తరాల తరబడి బొంబాయి పోయారు. ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు లేబర్ ఉందన్న పేరు ఊరికే రాలేదు. కూలీలను గుంపుగా తీసుకుపోయే మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చేది పని చేసే చేతులకే. చంటిపిల్లలు తల్లిదండ్రుల వెంట పని దగ్గరికి, నడిపివాళ్లు ఊళ్లో ముసలమ్మ దగ్గరికి, పన్నెండేళ్లొచ్చినవాళ్లు పనిలోకి. పిల్లలు ఎక్కువుంటే సంపాదించే చేతులు ఎక్కువ అనేవాళ్లు చెప్పే చేతులు అవే. ఉన్నవాళ్లకు నీరు పోసే దారి తెలుసు. లేనివాళ్లకు అది ప్రతి ఏడూ వలసే.

ఐదోది, ముసలితనంలో ఆసరా. దీనికి పెద్ద వాదన అక్కర్లేదు. నలుగురు కొడుకులున్న తల్లి నెలకొక ఇంట్లో వంతుల మీద తినడం, తండ్రి ఒకరి దగ్గర తల్లి ఒకరి దగ్గర ఉండటం మన ఊళ్లలో ఎవరూ చూడనిది కాదు. ఐదెకరాల చెల్క నలుగురికి పంచితే తలా ఎకరంపావు. దాని మీద వాళ్ల పిల్లలే బతకలేరు, తల్లిదండ్రులను ఎట్లా పోషిస్తారు? పిల్లలు పట్టించుకోకపోతే ఆర్డీవో దగ్గరికి పోయే వీలు కల్పిస్తూ 2007లో చట్టమే చేయాల్సి వచ్చింది. మా అమ్మను చివరిదాకా చూసింది కూడా పెద్దక్కే.

ఇక ఎంపీ సీట్లు. ఇందులో బాధ నిజమైనదే, దాన్ని నేను కొట్టిపారేయను. సీట్లు పంచేది జనాభాను బట్టి. దాన్ని అదుపు చేసినందుకు రాష్ట్రాలు నష్టపోకూడదనే 1976లో సీట్ల సంఖ్యను 1971 జనాభా లెక్కల మీద ఆపేశారు. 2001లో ఆ గడువును 2026 తర్వాతి మొదటి జనగణన దాకా పెంచారు. పోరాడాల్సిందే. కానీ ఎక్కడ? రాబోయే జనగణనకు లెక్క తేదీ 2027 మార్చి 1. ఆ తేదీకి పుట్టి ఉన్నవాళ్లే లెక్కలోకొస్తారు. ఆ తర్వాత మన ఇళ్లలో ఎందరు పుట్టినా ఆ లెక్క మారదు. బిహార్‌లో ఒక్కో స్త్రీకి సగటున ముగ్గురు పిల్లలు. ఆ పోటీలో గెలవడానికి మన ఆడపిల్లలు ఎన్నేళ్లు, ఎందరిని కనాలి? ఆ న్యాయం పార్లమెంటులో అడగాలి, రాజ్యాంగ సవరణగా అడగాలి. కాన్పు గది అందుకు చోటు కాదు.

పైగా ఈ పిలుపు ఇచ్చే ప్రభుత్వాలే ముప్ఫై ఏళ్లు దానికి ఉల్టా మాట చెప్పాయి. మూడో బిడ్డ ఉంటే సర్పంచ్‌గా పోటీకి అనర్హులని 1994 పంచాయతీరాజ్ చట్టం. ఆ నిబంధనను ఈ మధ్య రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎత్తేశారు, మంచిదే. కానీ ఉద్యోగం చేసే తల్లికి మొదటి ఇద్దరికి 26 వారాల ప్రసూతి సెలవు ఇచ్చిన 2017 సవరణ, మూడో కాన్పుకు 12 వారాలే అంది. కూలికి పోయే తల్లికి ఆ 12 వారాలూ లేవు. ఉపాధి హామీ పని దగ్గర ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలని 2005 చట్టంలో రాశారు. మా మండలంలో అట్లాంటి మనిషిని నేనెప్పుడూ చూడలేదు. చెట్టు కింద ఆ పిల్లలను ఆడిస్తున్నది ఇప్పటికీ వాళ్లలో పెద్దపిల్లే. ఎక్కువ మందిని కనమని చెప్పే నాయకులు ముందు మూడో బిడ్డకూ 26 వారాలివ్వండి, కూలి తల్లికి ప్రసూతి కాలంలో కూలి కట్టివ్వండి, పని జరిగే ప్రతిచోటా పిల్లలను చూసే మనిషిని పెట్టండి. అవి పెట్టాక కూడా ఎందరు కావాలో ఆమెనే అడగండి.