గాడిద తోలు జిగురుతో రక్తం పడుతుందా?

పోయిన వారం మా పిన్ని కూతురు ఫోను చేసింది. "అక్కా, నువ్వు చైనాలోనే ఉన్నావు కదా, అక్కడ దొరికే నల్ల బిళ్ళలు ఒక డబ్బా పంపు. రక్తం పడుతుందట" అంది. హిమోగ్లోబిన్ ఎంత అని అడిగితే 8.4 అంది. డాక్టరు రాసిచ్చిన ఐరన్ మాత్రలు కడుపులో తిప్పుతున్నాయని పది రోజులకే మానేసిందట. ఆ నల్ల బిళ్ళల సంగతి మాత్రం ఏదో వీడియోలో చూసి బాగా నమ్మేసింది.

ఆ బిళ్ళల పేరు అజియావో. గాడిద తోలును నానబెట్టి, రోజుల తరబడి ఉడకబెట్టి, వచ్చిన జిగురును చిక్కబరిచి, బిళ్ళలుగా కోసి ఆరబెడతారు. షాన్‌డాంగ్ రాష్ట్రంలోని డాంగ్-అ అనే ఊరి మీదుగా ఆ పేరు వచ్చింది. ఆడవాళ్ళకు రక్తం పట్టిస్తుందని అక్కడి నమ్మకం. ఎర్రటి పెట్టెలో పెట్టి, అత్తగారికో మేనేజరు భార్యకో కానుకగా ఇచ్చేంత ఖరీదు.

ఇది చదివి చైనా వంటింటి వైద్యమంతా బూటకమని నేను అంటున్నానని అనుకోకండి. తొమ్మిదేళ్ళుగా గ్వాంగ్‌జౌలో ఉంటున్నాను. ఇక్కడివాళ్ళు "ఒంట్లో మంట ఎక్కింది" అంటే నాకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. అది మన "వేడి చేసింది" అన్న మాటే. నోరు పూసినా, మొటిమలు వచ్చినా అదే మాట. మనకు మామిడిపండు వేడి అయితే వీళ్ళకు లిచీ వేడి. ఒక్క లిచీకి మూడు మంటలని సామెత కూడా ఉంది. ఎండాకాలంలో పెసలు ఉడికించి చల్లార్చుకుని తాగుతారు. పీత చలవ కాబట్టి అల్లం లేకుండా ముట్టరు. పొడిదగ్గు వస్తే బేరిపండును పటికబెల్లంతో ఉడికించి పెడతారు. దగ్గు తగ్గినా తగ్గకపోయినా గొంతుకు హాయిగా ఉంటుంది, నష్టం పైసా లేదు.

నా కాన్పు ఇక్కడే అయింది. అమ్మ తెనాలి నుంచి కాయం సీసా పట్టుకుని దిగింది. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, బెల్లం, నెయ్యి. మరుసటి రోజే ఇంటి యజమాని తల్లి మట్టికుండ మోసుకుంటూ మెట్లెక్కి వచ్చింది. ఆమెను పోపో అని పిలిచేదాన్ని, అంటే అవ్వ అని. అమ్మ మాత్రం చివరిదాకా పోపు అనే అనుకుంది. కుండలో నల్లటి తీపి వెనిగర్, అందులో ముదురు అల్లం ముక్కలు, పంది కాళ్ళు, ఉడికించిన గుడ్లు. పంది కాళ్ళని తెలియగానే అమ్మ ముఖం మాడిపోయింది. నేను గుడ్లు, అల్లం మాత్రం తీసుకున్నాను. కాస్త తేరుకున్నాక అమ్మ శొంఠి ముక్క చూపించింది, పోపో అల్లం ముక్క ఎత్తి చూపించింది. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఇద్దరూ కలిసి నా నెత్తికి గుడ్డ చుట్టి, చెవుల్లో దూది పెట్టి, చన్నీళ్ళు ముట్టుకోవద్దని నా మీద అరిచారు. ఆ నెల నాకు జబ్బేదీ నయం కాలేదు, అసలు జబ్బే లేదు. వేళకు వేడి అన్నం పెట్టి పడుకోబెట్టేవాళ్ళు దొరికారు. ఆహార వైద్యంలో నాకు నమ్మకమున్నది ఈ భాగం మీదే.

ఏడో శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావో, ముందు ఆహారంతో చూడు, దానితో తగ్గకపోతే మందు ఇవ్వు అని రాశాడు. డబ్బాలు అమ్ముకునేవాళ్ళు మొదటి సగాన్ని గోడ మీద అంటించుకుని, రెండో సగాన్ని మింగేశారు.

అజియావో సంగతే చూడండి. అందులో ఉన్నదంతా దాదాపు కొల్లాజెన్, అంటే ఎముకల పులుసులో తేలే జిగురు లాంటిదే. ఇనుము చెప్పుకోదగ్గంత ఉండదు. ఇంకో తమాషా: పాతకాలంలో దీన్ని ఎద్దు తోలుతోనూ చేసేవారు. అంటే ఈ మహిమంతా గాడిదకు తర్వాత అంటుకున్నదే. 2018లో చైనా ప్రభుత్వ ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళు, ఇది ఉడికించిన గాడిద తోలు తప్ప మరేమీ కాదని సోషల్ మీడియాలో రాశారు. గొడవ రేగగానే పోస్టు తీసేసి క్షమాపణ చెప్పుకున్నారు.

ఈ మహిమకు మూల్యం గాడిదలు కడుతున్నాయి. 1990ల మొదట్లో చైనాలో కోటికి పైగా గాడిదలు ఉండేవి, ఇప్పుడు ఇరవై లక్షలు కూడా లేవు. ఇంట్లో సరుకు అయిపోయాక వ్యాపారులు ఆఫ్రికా మీద పడ్డారు. నీళ్ళు మోసే గాడిదను రాత్రికి రాత్రి దొంగలు ఎత్తుకుపోతే ఆ బిందె ఆడదాని నెత్తి మీదికే వస్తుంది. చివరికి 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా దేశాధినేతలు తోలు కోసం గాడిదలను చంపడాన్ని నిషేధించాలని తీర్మానించారు. వేలు చూపించే ముందు మన ఇల్లూ చూసుకోవాలి. 2012 పశుగణనలో దేశంలో 3.2 లక్షల గాడిదలుంటే, 2019కి 1.2 లక్షలే మిగిలాయి. మన కోస్తా జిల్లాల్లో గాడిద మాంసం తింటే ఉబ్బసం పోతుందని, బలం వస్తుందని చాటుగా కొనేవాళ్ళు ఉన్నారు. డబ్బా లేదు గానీ బుద్ధి అదే.

"తిండే కదా, ఏమవుతుంది?" అనేవాళ్ళకు ఒక మాట. తిండిగానూ మందుగానూ వాడదగ్గవని చైనా ఆరోగ్యశాఖ 2002లో 87 పదార్థాల జాబితా ఇచ్చింది. మన ఉసిరికాయ అందులో ఉంది, అతిమధురమూ ఉంది. ఆ అతిమధురాన్నే రోజూ ఎక్కువగా తింటే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది.

పిన్ని కూతురికి ఇదంతా చెప్పలేదు, వింటుందని నమ్మకం లేక. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని, తాను ఒక్కతే కాదని మాత్రం చెప్పాను. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళి కడుపులో తిప్పుతోందన్న సంగతి చెప్పమన్నాను. వెళ్ళింది. మాత్ర మార్చారు, భోజనం తర్వాత వేసుకోమన్నారు.

నాలుగో రోజు మళ్ళీ ఫోను. "అక్కా, విరేచనం నల్లగా అవుతోంది, ప్రమాదమా?"

ఐరన్ వేసుకుంటే అలాగే ఉంటుందని, కాఫీతో మాత్రం మింగొద్దని చెప్పాను. నల్లటిదే కావాలని అడిగింది నువ్వే కదా అని కూడా అన్నాను.