పాతపట్నం వెళ్లిపోయిన గ్రబ్

నిన్న పొద్దున్న జరిగింది. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి.

పర్లాకిమిడిలో మా బావకి జెరాక్సు షాపుంది. కంప్యూటర్లో డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన ఘనుణ్ణి నేనే. తర్వాత పాత హార్డ్ డిస్కు మూలుగుతుంటే ఉన్నదున్నట్టు కొత్తరకం డిస్కైన ఎస్‌ఎస్‌డీలోకి కాపీ కొట్టి మార్చిందీ నేనే. షాపు తెరిచేలోపు వెర్షన్ 10ని 11కి ఎక్కించేద్దామని కూర్చున్నాను.

అంతా సాఫీగా నడుస్తుండగా నీలం తెర వచ్చింది. గ్రబ్‌ని (కంప్యూటరు ఆన్ చెయ్యగానే సిస్టమ్‌ని లేపే బుల్లి ప్రోగ్రాము అది) ఏ డిస్కులో వెయ్యాలి, అని ప్రశ్న. పాత డిస్కు పేరే దాని చిట్టాలో ఉంది, అది కనబడక అడుగుతోంది. సరే, అడగడంలో తప్పు లేదు. అడిగే తీరే! టిక్కు పెట్టాలంటే స్పేస్ నొక్కాలని చెప్పే నాథుడు లేడు. ఎంటర్ కొడితే, ఏదీ ఎంచుకోలేదు, ఇలాగే పోనిమ్మంటావా, అని బెదిరింపు. శుభలేఖలో బంధువుల పేర్లలా వరసగా డిస్కులు, వాటి ముక్కలు. పక్కన సైజు కూడా ఉంది, మెగాబైట్లలో. పొద్దున్నే అన్ని అంకెలు ఎవడు లెక్కపెడతాడు? ఎస్‌డీఏ (వరసలో మొదటి డిస్కు పేరది) అంటే ఎప్పుడూ అసలు డిస్కే అనుకుని దానికే టిక్కు పెట్టాను. 'ఇన్‌స్టాలేషన్ ఫినిష్డ్. నో ఎర్రర్ రిపోర్టెడ్' అంది. ఆ ధీమా చూడాలి.

ముందురోజు రాత్రి ఒక పెద్దాయన పెళ్లి శుభలేఖ ఫైలున్న పెన్ డ్రైవు మెషిన్‌కే వదిలేసి వెళ్లారట. పొద్దున్న అది ఉండగానే ఆన్ చేశాను. ఎస్‌డీఏ అదే. నేను టీ తాగొచ్చేలోపు ఆయనొచ్చి పీక్కుని పాతపట్నం వెళ్లిపోయారు.

రీస్టార్ట్ చేస్తే నల్ల తెర. 'గ్రబ్_కాలక్' అనే సింబల్ (ప్రోగ్రాము లోపలి పని ఒకదాని పేరు) దొరకలేదట. కింద 'గ్రబ్ రెస్క్యూ'. గ్రబ్ తల డిస్కు మొదట్లో, మొండెం బూట్ ఫోల్డర్లో ఉంటాయి. మొండెం కొత్తది, తల పాతది. 2020లో బూట్‌హోల్ అనే గ్రబ్ భద్రతా లోపానికి అతుకులు వేసినప్పుడు వచ్చిన ఆ సింబల్ పాత తలకి తెలీదు. 'నార్మల్' అని కొడితే అలాంటి కమాండే తెలీదంది.

"రెస్క్యూ అని రాసుంది కదన్నా, ఎవరైనా వస్తారేమో," అన్నాడు అప్లికేషన్ ప్రింటు కోసం నిలబడ్డ కాలేజీ కుర్రాడు.

"ఏటిరా, మొత్తం పోనాదా?" అన్నాడు బావ. వెనక ఏడుగురు.

కొత్త తల ఎక్కడుందో అప్పటికి వెలిగింది. పాతపట్నంలో, ఆంధ్రాలో, ఒకాయన చొక్కా జేబులో! ఒడిశాలో ఉన్న కంప్యూటరు లేవాలంటే బార్డర్ దాటాలి. బండేసుకుని వెళ్లి, వాకిట్లో నిలబడి, "మీ పెన్ డ్రైవులో మా గ్రబ్ ఉందండీ" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "శుభలేఖకి ఏం కాలేదు కదా నాయనా?" అన్నారు.

ఏం కాలేదు. తెచ్చి గుచ్చి దాన్నుంచి బూట్ చేస్తే చక్కగా లేచింది. ఎస్‌ఎస్‌డీలో గ్రబ్ మళ్లీ వెయ్యడం రెండు నిమిషాల పని.

"ఇకమీద ఆయన జేబుంటేనే షాపు లెగుస్తాదేటి?" అంటూ బావ వచ్చినవాళ్లందరికీ చెబుతూనే ఉన్నాడు.

ఇప్పుడే పెద్దాయన ఫోను. ముహూర్తం మారిందట, కార్డు దిద్దాలట. పెన్ డ్రైవు పట్టుకుని నన్నే రమ్మన్నారు.