సవరణ: బ్రిడ్జి యాంప్లిఫయర్, 4 ఓమ్‌ల స్పీకర్

పోయిన వారం నేను ఇంట్లో కట్టిన బ్యాలెన్స్‌డ్ యాంప్లిఫయర్ గురించి రాస్తూ, రెండు ఎల్‌ఎం3886 ఆడియో యాంప్లిఫయర్ చిప్‌లను బ్రిడ్జి చేసి (అంటే స్పీకర్ రెండు తీగలను చెరో చిప్ అవుట్‌పుట్‌కు తగిలించి) 4 ఓమ్‌ల స్పీకర్‌కు కలపొచ్చన్నాను. అది తప్పు, నాదే పొరపాటు. బ్రిడ్జిలో ఒక్కో చిప్ మీద పడే లోడు స్పీకర్ ఓమ్‌లలో సగమే, అంటే 2 ఓమ్‌లు. కరెంటు రెట్టింపవుతుంది, చిప్ విపరీతంగా వేడెక్కుతుంది. మన కడప ఎండల్లో ఇంకా తొందరగా.

తయారీదారు అప్లికేషన్ నోట్‌లో బ్రిడ్జి పద్ధతి 8 ఓమ్‌లకు ఇచ్చారు. 4 ఓమ్‌లకైతే చిప్‌లను ప్యారలల్‌గా, అంటే రెండు అవుట్‌పుట్‌లూ ఒకే తీగకు చేరేలా కలిపి, ఒక్కో అవుట్‌పుట్‌లో 0.1 ఓమ్ రెసిస్టర్ పెట్టాలి. రెండింట్లోనూ వచ్చేది సుమారు 100 వాట్లే.

నా పోస్టు చూసి కట్టినవాళ్లు 4 ఓమ్‌ల స్పీకర్లు వెంటనే తీసేయండి. బ్రిడ్జిలో స్పీకర్ నెగటివ్ తీగను మాత్రం గ్రౌండుకు తగిలించకండి, అది కూడా అవుట్‌పుటే.