నియోజకవర్గాల పునర్విభజనకు ముందే బూత్ లెక్కలు తెరవాలి

ఎవరు గెలిచారో కౌంటింగ్ రోజు సాయంత్రానికే తేలిపోతుంది. ఏ ఊళ్లో ఎవరికెన్ని పడ్డాయో తెలియాలంటే మాత్రం ఫారం 20 చేతికి రావాలి. ప్రతి పోలింగ్ కేంద్రానికి ఒక అడ్డ వరుస, ప్రతి అభ్యర్థికి ఒక నిలువు వరుస, పక్కన నోటా, మొత్తం, అట్టడుగున పోస్టల్ బ్యాలెట్లు. రిటర్నింగ్ అధికారి సంతకం పెట్టే ఈ పట్టికే ఎన్నికకు అసలు పద్దు.

ఈ పట్టిక కంప్యూటర్‌లోనే తయారవుతుంది. ఆ తర్వాత ప్రింటు తీసి, సంతకం చేసి, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా సైటులో పెట్టడం ఆనవాయితీ అయిపోయింది. అక్కడితో అంకెలు కాస్తా బొమ్మలైపోతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 46 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా పోలింగ్ కేంద్రాలున్నాయి. ఫలితాల సైట్లు నడిపేవాళ్ల నెలలన్నీ ఈ బొమ్మలను తిరిగి అంకెలు చేయడానికే ఖర్చవుతున్నాయి. జనం సొమ్ముతో ఒకసారి కట్టిన లెక్కను జనమే మళ్లీ కట్టుకోవడం అన్యాయం. ఫారం 20ని, కంప్యూటర్ నేరుగా అంకెలుగా చదవగల సీఎస్‌వీ ఫైలుగా ఇవ్వడం ఎన్నికల సంఘం బాధ్యత.

ఇదేదో సాంకేతిక నిపుణుల గొడవ అనుకోవద్దు. స్కాన్‌ను చదివే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి 1ని 7గా, 6ని 0గా చదువుతుంది. 11 కాస్తా 71 అయితే తేడా 60 ఓట్లు. 2014లో మంగళగిరి ఫలితం తేలింది 12 ఓట్లతో. 2019లో విజయవాడ సెంట్రల్ 25తో. అందుకే ప్రతి అడ్డ వరుసను కూడి మొత్తంతో, ప్రతి నిలువు వరుసను కూడి తుది ఫలితంతో సరిచూడాలి. రెండూ తప్పిన చోట, ఆ వరుసలు కలిసే గడిలోనే పొరపాటు ఉంటుంది. కూడిక అసలు కాగితంలోనే తప్పి ఉంటే దిద్దకూడదు. ఉన్నదున్నట్టు ఉంచి, పక్కన గమనిక రాయాలి. అసలు పీడీఎఫ్‌ను ముట్టుకోకుండా విడిగా దాచాలి. లింకులు ఎంతకాలం ఉంటాయో నమ్మకం లేదు మరి, 2014 ఫలితాలు వచ్చిన చిరునామా వేరు, 2019 చిరునామా వేరు.

కూడికలు సరిపోయినా ఆ అంకెలతో గీసే పటం తప్పుదారి పట్టించవచ్చు. ఒక కేంద్రం ఎదురుగా అన్నీ సున్నాలే ఉన్నాయనుకుందాం. పటంలో ఆ ఊరు తెల్లగా మిగులుతుంది, చూసినవాళ్లు ఎన్నికల బహిష్కరణ అనుకుంటారు. నిజానికి పోలింగ్‌కు ముందు పరీక్షగా వేసే మాక్ పోల్ ఓట్లు చెరపడం మరిచిపోయినా, కేంద్రంలో పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం 17సీతో అంకె కలవకపోయినా ఆ యంత్రాన్ని పక్కన పెడతారు. ఆధిక్యం అలా పక్కన పెట్టిన ఓట్లకన్నా ఎక్కువైతే దాన్ని లెక్కించకుండానే ఫలితం ప్రకటిస్తారు. 'సున్నా', 'లెక్కించలేదు' వేర్వేరు. ఫైలులో వాటికి వేర్వేరు గుర్తులుండాలి. పోస్టల్ ఓట్లకైతే ఊరే ఉండదు. 2024లో ఆంధ్రప్రదేశ్ పోలింగ్ ఈవీఎంలలో 80.66 శాతం, పోస్టల్‌తో కలిపితే 81.86. రెండూ నిజాలే, ఏది వాడామో చెప్పకపోతేనే అపార్థాలు. ఎక్సెల్‌తోనూ జాగ్రత్తగా ఉండాలి. చిరునామా గడిలో 5-12 అని ఇంటి నంబరు కొడితే దాన్ని డిసెంబరు 5 చేసేస్తుంది. పాత అను ఫాంట్లలో ఉన్న ఊళ్ల పేర్లను కాపీ చేస్తే పిచ్చిగీతలొస్తాయి, వాటిని యూనికోడ్‌లోకి మార్చాకే వాడాలి.

అసలు చిక్కు నంబర్లలో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1వ నంబరు సిర్పూర్, 119 భద్రాచలం, 120 ఇచ్ఛాపురం, 294 కుప్పం. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్ఛాపురం 1, కుప్పం 175. నంబరును నమ్మి రెండు ఫైళ్లను కలిపితే సిర్పూర్ ఓట్లు ఇచ్ఛాపురం పక్కన వచ్చి కూర్చుంటాయి. ఇక జిల్లాలు తెలంగాణలో 10 నుంచి 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రలో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. అందుకే రెండు ఫైళ్లను కలిపే తాళంచెవిగా జిల్లా పేరు కూడా పనికిరాదు.

విభజన వేళ ఖమ్మం జిల్లా నుంచి కొన్ని మండలాలు ఆంధ్రలో కలిశాయి. వాటిలో కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం ఓటర్లు 2014లో భద్రాచలం ఎమ్మెల్యేను ఎన్నుకున్నారు, 2019లో రంపచోడవరం ఎమ్మెల్యేను. కుక్కునూరు, వేలేరుపాడు వాళ్లు అశ్వారావుపేట నుంచి పోలవరం వెళ్లారు. నేటి సరిహద్దు మీద 2014 రంగులు పూస్తే ఈ మండలాల ఓట్లు వాళ్ల ఊళ్ల మీద కాకుండా గోదావరి లోయలో ఇంకెక్కడో కనిపిస్తాయి. భద్రాచలంలో ఓటర్లు ఒక్కసారిగా ఎందుకు తగ్గారని అడిగేవాళ్లకు పటం దగ్గర జవాబుండదు. ప్రతి ఎన్నికకూ ఆనాటి సరిహద్దు ఫైలే వాడాలి. డేటామీట్ వంటి స్వచ్ఛంద బృందాలు ఆ పని తలకెత్తుకోబట్టి ఇప్పటికి నెట్టుకొస్తున్నాం.

బూత్ లెక్కలు బయటపెడితే ఏ ఊరు ఓటెయ్యలేదో తెలిసి నాయకులు కక్ష కడతారని ఒక వాదన ఉంది. అందుకే టోటలైజర్ పెట్టి, కొన్ని యంత్రాల ఓట్లు కలిపి లెక్కించాలని ఎన్నికల సంఘమే ఒకప్పుడు ప్రతిపాదించింది, లా కమిషన్ 2015లో సమర్థించింది. భయం నిజమైనదే. కానీ ఫారం 17సీ పోలింగ్ ఏజెంట్ల చేతికి ఎలాగూ అందుతుంది, కౌంటింగ్ టేబుల్ దగ్గర పార్టీల మనుషులు ప్రతి బూత్‌దీ రాసుకుంటారు. కక్ష కట్టగలిగేవాళ్ల దగ్గర లెక్క ఉంది. లేనిది ఓటరు దగ్గర, విలేకరి దగ్గర, విద్యార్థి దగ్గర.

ఇప్పుడు తొందర ఎందుకంటే, పునర్విభజన గుమ్మంలో ఉంది. 2026 తర్వాతి మొదటి జనగణన పూర్తయ్యాక గీతలు మారతాయి. విభజన చట్టం 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్‌కు 225, తెలంగాణకు 153 సీట్లు చెప్పింది, అదీ రాజ్యాంగం 170వ అధికరణకు లోబడే. కొత్త గీత ఎవరికి మేలు చేసిందో, ఎవరి ఓటును చీల్చిందో అడగాలంటే పాత ఓట్లను కొత్త నియోజకవర్గాల్లోకి సర్దాలి. అందుకు ఒకే దారి, బూత్‌ను ఊరితో ముడిపెట్టడం. బూత్ నంబరు ఎన్నిక ఎన్నికకూ మారవచ్చు. కేంద్రానికి ఓటర్ల పరిమితి 1,500 నుంచి 1,200కు తగ్గడంతో ఈసారి మార్పులు ఇంకా ఎక్కువ. మారనిది ఊరు. పాత పోలింగ్ కేంద్రాల జాబితాలో ప్రతి వరుసకూ జనగణన గ్రామ కోడ్ చేర్చాలి. అది లేకుండా కొత్త గీతలొస్తే, 2008 పునర్విభజన తర్వాత 2004 ఫలితాలకు పట్టిన గతే 2024 ఫలితాలకూ పడుతుంది. నియోజకవర్గం పేరు అదే ఉంటుంది, లోపలి ఊళ్లు వేరు.

సీట్ల కోసం గొంతెత్తుతున్న పార్టీలేవీ ఈ కోడ్‌ల ఊసెత్తడం లేదు. జనగణన తేదీ 2027 మార్చి 1. ఆలోగా 2009 నుంచి ఉన్న ఫారం 20లను, కేంద్రాల జాబితాలను రెండు రాష్ట్రాల ప్రధాన ఎన్నికల అధికారులూ (సీఈఓలు) సీఎస్‌వీలుగా విడుదల చేయాలి. 2009లో ఆ జాబితాలు రాసిన తహసీల్దారు కార్యాలయాల సిబ్బంది రిటైరవుతున్నారు. ఏ కేంద్రం ఏ బడి నుంచి ఏ బడికి మారిందో చెప్పగలిగేది వాళ్లే.