అతడు/ఆమె: ఈ అడ్డగీత మనకెందుకు?

సాంకేతిక పత్రాలను తెలుగులో రాసేవాళ్ల మీద నాకో ఫిర్యాదు ఉంది. నేనూ ఆ పనే చేస్తాను కాబట్టి దీన్ని ఇంటిపోరు అనుకోండి.

ఈమధ్య ఒక వాషింగ్ మెషిన్ సూచనల పుస్తకాన్ని సరిచూడమని పంపారు. అందులో ఒక వాక్యం: ‘వినియోగదారుడు/వినియోగదారురాలు యంత్రమును శుభ్రపరుచుటకు ముందు అతడు/ఆమె ప్లగ్గును తొలగించవలెను.’ ఒక్క ప్లగ్గు తీయడానికి ఇంత ఊరేగింపా! ‘శుభ్రం చేసే ముందు ప్లగ్గు తీసేయండి’ అంటే పని అయిపోతుంది. ఆ ప్లగ్గు తీసేది ఆడవాళ్లా మగవాళ్లా అన్న ప్రశ్నే పుట్టదు.

ఇంగ్లీషువాళ్ల ఇబ్బంది నిజమైనదే. ఒక్క మనిషి గురించి చెప్పాలంటే ‘హీ’, ‘షీ’లలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. బహువచనమైన ‘దే’ను ఒక్కరికి వాడవచ్చా అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2019లో తెచ్చిన శైలి పుస్తకం ఏడో కూర్పులో దానికి ఆమోదం తెలిపింది. మనకు ఆ తగువే లేదు. తలుపు తట్టింది ఒక్కరే అయినా ‘ఎవరో వచ్చారు, చూడు’ అంటాం. ‘తన’ అనే మాట ఆడవారికీ మగవారికీ ఒక్కటే. ఇంత సొత్తు చేతిలో పెట్టుకుని అడ్డగీతలు అరువు తెచ్చుకుంటున్నాం.

అలాగని తెలుగు వ్యాకరణానికి ఏ పాపమూ తెలియదనను. చిన్నయ సూరి తన వ్యాకరణంలో ‘మహత్తు’ను, అంటే మగవారిని చెప్పే మాటల వర్గాన్ని, నిర్వచిస్తూ స్త్రీలను పశుపక్ష్యాదులతోనూ జడపదార్థాలతోనూ కలిపి బయట నిలబెట్టాడు. ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అని ఇప్పటికీ అంటూనే ఉన్నాం. కానీ ఈ పేచీ ఏకవచనంలోనే. పైగా సూచనల్లో మనం ఎక్కువగా వాడే క్రియలు చూడండి: చేయాలి, చేయకూడదు, చేయవచ్చు, చేస్తే, చేసిన తర్వాత. వీటిలో దేనికీ లింగం లేదు. ‘ఆపరేటరు హెల్మెట్ పెట్టుకోవాలి’ అన్నాక ఇంకా అతడెందుకు, ఆమె ఎందుకు?

ఈ జబ్బు చట్టాల భాష నుంచి అంటిందని నా అనుమానం. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఎనిమిదో సెక్షన్‌లో ‘హీ’ అంటే మగవారూ ఆడవారూ అని రాసేసి చేతులు దులుపుకున్నారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆ వరుసలో ట్రాన్స్‌జెండర్లనూ చేర్చింది గానీ ‘హీ’ని మాత్రం వదల్లేదు. మన ‘అతడు/ఆమె’లో ఆ మూడోవారికి చోటే లేదు. సుప్రీంకోర్టు వారిని గుర్తించింది 2014లో!

‘వినియోగదారుడు’లో చివరి ‘డు’ తీసేస్తే మాట మొండిగా ఉంటుందని ఒక పెద్దాయన నాతో వాదించారు. తహసీల్దారును ఎవరైనా తహసీల్దారుడు అంటారా? పట్టాదారు పాస్ పుస్తకం, చందాదారు, వాటాదారు: ఏళ్లుగా అంటున్న మాటలే కదా. వినియోగదారు, దరఖాస్తుదారు మాత్రం ఏం పాపం చేశాయి?

‘అతడు/ఆమె’ బదులు ‘వారు’ అని రాస్తే అసలైన చిక్కు ఒకటి ఉంది, అది మర్యాదకు సంబంధించింది కాదు. ‘నిర్వాహకులు ఖాతాదారుకు తాత్కాలిక పాస్‌వర్డ్ పంపాక వారు దాన్ని మార్చాలి.’ ఎవరు మార్చాలి? కథలో అయితే పాఠకులు సర్దుకుపోతారు, ఇక్కడ తప్పు మనిషి మార్చితే ఖాతాకు తాళం పడుతుంది. అలాంటిచోట సర్వనామాన్ని వదిలేసి ‘ఖాతాదారు దాన్ని మార్చాలి’ అని నామవాచకాన్నే మళ్లీ రాయాలి. చదవడానికి కాస్త విసుగ్గా ఉంటుంది, ఉండనివ్వండి.

పరిశోధకుడు, పర్యవేక్షకుడు లాంటి సంస్కృత పదాలు ఇంకా మొండివి. మందుల విషయంలో ‘వైద్యుల సలహా మేరకు’ అని రాయడం ఎప్పుడో అలవాటైంది, ఆ వైద్యులు ఒక్కరేనని అందరికీ తెలుసు. అదే దారిలో ఒక్కరినైనా పరిశోధకులు, పర్యవేక్షకులు అంటాను. సంఖ్య ముఖ్యమైనచోట ‘ఒక పర్యవేక్షకుడు’ బదులు ‘పర్యవేక్షకుల్లో ఒకరు’ అని రాస్తాను. కంపెనీ ఇచ్చే పదాల పట్టికలో మొదటి మాటే ‘వినియోగదారుడు’ అయితే మాత్రం పేచీ పెట్టుకోను. వాక్యాన్నే ‘మీరు’ వైపు తిప్పేస్తాను. ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు, ఆ వినియోగదారుడు ఎక్కడికి పోయాడని.