ఊపిరి ఆడే మాస్క్ కావాలి

సీజన్‌లో గుంటూరు మిర్చి యార్డులో ఒక్కసారి అడుగుపెట్టిన వారికి వేరే చెప్పనక్కర్లేదు. గేటు దాటకముందే ముక్కు మండుతుంది, గొంతు పట్టేస్తుంది, తుమ్ములు ఆగవు. సరుకు చూసుకునే వ్యాపారి పని ముగించుకుని బయటపడతాడు. బస్తాలెత్తే హమాలీలు, కాయలు ఏరి తొడిమలు తీసే మహిళా కూలీలు మాత్రం రోజంతా ఆ ఘాటులోనే ఉండాలి. వారి ముఖాలకు అడ్డుగా ఉండేది ఒక తువ్వాలు, లేదా చీర కొంగు. ఎవరైనా మాస్కులు పంచినా అవి పొద్దున ముక్కు మీద, పది గంటలకు గడ్డం కింద, మధ్యాహ్నానికి జేబులో కనిపిస్తాయి.

ఇది చూసి కార్మికులకు శ్రద్ధ లేదని తేల్చేయడం తేలిక. యజమానులు, అధికారులు ఎప్పుడూ చెప్పే మాట అదే. ఆ మాటతో మేము ఏకీభవించం. ఎండ నలభై డిగ్రీలు దాటిన వేళ యాభై కిలోల బస్తా భుజాన వేసుకుని నడిచే మనిషి, చెమటకు తడిసి ముక్కుకు అతుక్కుపోయిన గుడ్డలోంచి గాలి పీల్చలేక దాన్ని కిందికి లాగితే, అది నిర్లక్ష్యం కాదు. అతనికి ఊపిరి కావాలి. తప్పు ఆ మాస్క్‌ది. దాన్ని ఎంపిక చేసినవారిది.

సౌకర్యం అనగానే అదొక విలాసమనీ, రక్షణ వేరు, హాయి వేరు అనీ మన కొనుగోలు విభాగాలు అనుకుంటాయి. చిన్న లెక్క వేస్తే ఈ ఆలోచన ఎంత ప్రమాదకరమో తెలుస్తుంది. ధూళిలో 94 శాతాన్ని ఆపే మాస్క్‌ను ఎనిమిది గంటల పనిలో నాలుగు గంటలే పెట్టుకోగలిగితే, ఆ రోజు దక్కిన రక్షణ 47 శాతం. 80 శాతమే ఆపే తేలికపాటి మాస్క్‌ను ఎనిమిది గంటలూ పెట్టుకోగలిగితే దక్కేది 80 శాతం. కాగితం మీద నాసిరకంగా కనిపించేది ఊపిరితిత్తులను ఎక్కువగా కాపాడుతోంది. ఎక్కువ ఆపే మాస్క్‌నే రోజంతా భరించగలిగేలా తయారుచేయడం అన్నిటికన్నా మేలు. అందుకే సౌకర్యాన్ని రక్షణలో భాగంగానే చూడాలి.

ఆ శాతాలు మన ప్రమాణాల్లో ఉన్నవే. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రూపొందించిన ఐఎస్ 9473 అనే ప్రమాణం ధూళి మాస్కులను మూడు తరగతులుగా విడదీస్తుంది. ఎఫ్‌ఎఫ్‌పీ1 కనీసం 80 శాతం, ఎఫ్‌ఎఫ్‌పీ2 కనీసం 94 శాతం, ఎఫ్‌ఎఫ్‌పీ3 అంతకన్నా ఎక్కువ శాతం సూక్ష్మ కణాలను ఆపాలి. మనందరి నోట నానిన ఎన్95 అమెరికా ప్రమాణం. ఆ దేశపు సంస్థ అనుమతించిన మాస్క్ మీద టీసీ-84ఏ అని మొదలయ్యే సంఖ్య ఉంటుంది. మన దగ్గర మందుల దుకాణాల్లో ఎన్95 అని అచ్చువేసి, ఏ సంఖ్యా లేకుండా, చెవులకు తగిలించే సన్నని ఎలాస్టిక్‌తో అమ్ముతున్న చాలా రకాలకు ఆ పేరు తప్ప మరే ఆధారమూ లేదు. స్వదేశీ మాస్క్ కొనేవారు ఐఎస్ఐ గుర్తు పైన 9473 అనే సంఖ్యనూ, కింద లైసెన్సు సంఖ్యనూ చూసుకోవాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ లైసెన్సు సంఖ్య కొడితే తయారీదారు ఎవరో, లైసెన్సు ఇంకా చెల్లుతోందో లేదో తెలిసిపోతుంది.

ఫిల్టర్ ఎంత మంచిదైనా అంచుల్లో సందు ఉంటే వృథా. గాలి ఎప్పుడూ అడ్డు తక్కువగా ఉన్న దారినే వెతుక్కుంటుంది. ముక్కు పక్కన చిన్న సందు దొరికితే చాలు, వడపోతను తప్పించుకుని అటునుంచే దూరుతుంది. కళ్లద్దాలు పెట్టుకునేవారికి ఇది అనుభవమే, అద్దాలకు ఆవిరి పట్టిందంటే అక్కడ సందు ఉన్నట్టే. అందుకే అసలైన ధూళి మాస్కులకు తల వెనక రెండు పట్టీలు ఉంటాయి, ఒకటి నడినెత్తి వెనక, రెండోది మెడ మీద. చెవుల మీద బరువు పడకుండా మాస్క్‌ను ముఖానికి సమంగా అదిమి పట్టేవి అవే. కానీ జడ, కొప్పు, తలకు చుట్టిన గుడ్డ ఉన్న మహిళకు ఆ పట్టీలు ఎక్కడ నిలవాలి? తలపాగా కట్టుకున్న హమాలీకి ఎలా? ఈ ప్రశ్నలు మాస్క్ నమూనా గీసేవారి బల్ల మీదికి రావాలి.

ముఖం కొలతల సంగతీ అంతే. అమెరికాలో చాలాకాలం పాటు మాస్కుల అమరికను పరీక్షించడానికి వాడిన కొలతలు 1960లలో అక్కడి వైమానిక దళ సిబ్బందివి. శ్రామికుల ముఖాలు అలా ఉండవని గుర్తించి, 2003లో 3,997 మంది కార్మికుల ముఖాలను కొలిచి కొత్త పట్టిక తయారుచేసుకున్నారు. తమ మనుషులకే తమ పాత కొలతలు పనికిరావని వారు ఒప్పుకున్నప్పుడు, ఆ అచ్చుల్లో పోసిన మాస్క్ తాండూరు రాళ్ల పాలిషింగ్ యూనిట్లో పనిచేసే సన్నటి ముఖం గల మహిళకు అతుకుతుందని మనం ఎలా నమ్మాలి? ఇక్కడా కొలతలు తీయాలి. చిన్న, మధ్యస్థ, పెద్ద సైజులు లేని మాస్క్‌ను ఏ ప్రభుత్వ శాఖా కొనకూడదు.

తయారుచేయగలమా అన్న సందేహం అక్కర్లేదు. 2020లో దేశం ఆ పని చేసి చూపింది. ఆ ఏడాది జనవరి 31న కేంద్రం మాస్కుల ఎగుమతిని నిషేధించింది. మార్చి 13న వాటిని నిత్యావసర వస్తువుల జాబితాలో చేర్చి, ఆ నెలలోనే రెండు పొరల మాస్క్‌కు 8 రూపాయలు, మూడు పొరలదానికి 10 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల గుడ్డ మాస్కులు పంచాలని నిర్ణయిస్తే, ఊరూరా స్వయం సహాయక సంఘాల మహిళలు కుట్టు మిషన్ల ముందు కూర్చున్నారు. అక్టోబరు వచ్చేసరికి ఎన్95 రకాల ఎగుమతి మీద కూడా ఆంక్షలు ఎత్తేసేంత సరుకు దేశంలో తయారవుతోంది. ఆ తర్వాత జరిగిందే విచారకరం. మహమ్మారి వెనక్కు తగ్గింది, గిరాకీ పడిపోయింది, అప్పు చేసి యంత్రాలు పెట్టిన చిన్న యూనిట్లు ఎన్నో మూతపడ్డాయి. కాని మాస్క్ అవసరం మహమ్మారితో పుట్టలేదు, దానితో పోలేదు. కరీంనగర్ గ్రానైట్ కోత యూనిట్లలో, రాళ్ల క్రషర్లలో, ఆదిలాబాద్, వరంగల్ జిన్నింగ్ మిల్లుల్లో, నిజామాబాద్ పసుపు మార్కెట్లో అది అంతకుముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. మూతపడిన యూనిట్లకు కావలసిన కొనుగోలుదారులు పక్క జిల్లాలోనే ఉన్నారు. వారిని కలిపే పని ఎవరూ చేయలేదు.

ఆ రోజుల నుంచి మనసుల్లో నాటుకుపోయిన కొన్ని అభిప్రాయాలను ఇప్పుడు సరిచేసుకోవాలి. గాలి బయటికి వదిలే కవాటం ఉన్న మాస్కులు వాడవద్దని 2020 జులైలో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలను హెచ్చరించింది. అది సరైన హెచ్చరికే. వ్యాధి సోకిన మనిషి వదిలే ఊపిరి వడపోత లేకుండా ఆ కవాటంలోంచి ఎదుటివారికి చేరుతుంది. అయితే మిర్చి యార్డులోనో, క్రషర్‌లోనో కాపాడుకోవలసింది లోపలికి పీల్చే గాలిని. అక్కడ ఆ కవాటమే ఎంతో హాయినిస్తుంది. వేడి గాలి, తేమ లోపల నిలవకుండా బయటికి పోతాయి. అంటురోగాల కాలం నాటి నిబంధనను ధూళి పనులకు అంటగట్టి కూలీలకు ఆ సుఖాన్ని దూరం చేయకూడదు.

ఇంకొకటి, ఉతకడం. పని దిగాక కూలీల ఇళ్ల ముందు తీగ మీద బట్టలతోపాటు తెల్లటి మాస్కులు ఆరేసి ఉండటం కనిపిస్తుంది. ఒక్కోదాన్ని వారం పాటైనా వాడుకోవాలన్న పొదుపు అది. కానీ ఈ మాస్కుల మధ్య పొర మామూలు గుడ్డ కాదు. కరిగించిన పాలీప్రొపిలీన్‌ను వేడి గాలితో ఊది తీసిన అతి సన్నని పోగుల పొర. దానికి నిలకడైన విద్యుదావేశం పట్టిస్తారు. సూక్ష్మ కణాలను లాగి పట్టుకునేది ఆ ఆవేశమే. సబ్బుతో ఉతికితే అది దెబ్బతింటుంది. మాస్క్ చూడటానికి కొత్తదానిలా మెరుస్తుంది, కణాలు మాత్రం దాటిపోతుంటాయి. ఈ ఒక్క సంగతిని పెట్టె మీద తెలుగులో, బొమ్మతో అచ్చువేయమని మేము తయారీదారులను కోరుతున్నాము. రోజుకొకటి ఇవ్వలేమనే యజమానులకు మరో దారి ఉంది. ముఖానికి మెత్తగా అతుక్కునే సిలికాన్ మాస్క్‌ను కడిగి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు, పక్కనుండే ఫిల్టర్లను మాత్రం మార్చుకుంటే సరిపోతుంది. మొదట ఖర్చు ఎక్కువే అయినా నెలలు గడిచేకొద్దీ అదే చవక.

తువ్వాలుతో సరిపెట్టుకోవచ్చనేవారికి ఒక మాట. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఊపిరితిత్తుల లోతుల దాకా పోయే రాతిధూళి కణం అయిదు మైక్రాన్ల లోపే. కంటికి కనిపించే దుమ్మును తువ్వాలు ఆపుతుంది, ప్రాణం తీసేది మాత్రం దాని నేతలోంచి దాటిపోతుంది. రాతిధూళి వల్ల ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే దాన్ని ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన వ్యాధుల్లో చేర్చింది. అయినా క్రషర్‌లో పనిచేసిన మనిషికి దగ్గు వస్తే నేటికీ మొదట టీబీ అనే అనుమానిస్తారు.

మాస్క్ చేతిలో పెట్టి యజమాని తప్పుకోవడానికీ వీల్లేదు. రాయి కోసేచోట నీళ్లు చల్లితే, యంత్రం దగ్గరే దుమ్మును పీల్చే ఏర్పాటు ఉంటే, కార్మికుడి ముక్కు దాకా వచ్చేది చాలావరకు తగ్గిపోతుంది. ఆ పని చేశాక మిగిలినదాని కోసమే మాస్క్.

ప్రభుత్వాలు టెండర్లు పిలిచే పద్ధతిని మార్చాలి. ఎవరు తక్కువ ధర వేస్తే వారికే ఇచ్చే పద్ధతిలో, ముందుగా కోత పడేది మెత్తటి ముక్కు పట్టీకి, వెడల్పాటి తలపట్టీకి, అంచున ఉండే స్పాంజికి. అంటే మాస్క్‌ను ముఖం మీద నిలిపే ప్రతి భాగానికీ. ధరలు తెరవకముందే నమూనాలను కార్మికులకు ఇచ్చి, ఎనిమిది గంటల పని తర్వాత ఎందరి ముఖాన ఇంకా మాస్క్ ఉందో లెక్కపెట్టాలి. ఆ పరీక్షలో నెగ్గిన వాటి మధ్యే ధర పోటీ ఉండాలి. విశాఖపట్నంలో వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్ వంటి చోట పరీక్షా సదుపాయాన్ని చిన్న తయారీదారులకు చవకగా అందుబాటులోకి తేవాలి. పరీక్ష ఖర్చు భరించలేకే చాలామంది ఐఎస్ఐ గుర్తు జోలికి పోకుండా ఎన్95 అనే పేరును అచ్చువేసుకుంటున్నారు.

జనవరి నుంచి కొత్త కాయ యార్డుకు రావడం మొదలవుతుంది. మార్కెటింగ్ శాఖ, కార్మిక శాఖ ఈలోగా కూర్చుని, అయిదారు స్వదేశీ మాస్కులను తెప్పించి, హమాలీల సంఘాన్నీ తొడిమలు తీసే మహిళలనూ పిలిచి వారి చేతే ఎంపిక చేయించవచ్చు. ఏది బిగుస్తోంది, ఏది జారుతోంది, దేనిలో ఊపిరి ఆడుతోంది అన్నది మొదటి రోజు మధ్యాహ్నానికే వారు చెప్పేస్తారు.